బెజవాడ ఎండకి ఫ్యాక్టరీ షెడ్డు పైకప్పు: ఏ పనికి ఏ రేకు?

ఆటోనగర్‌లోనో, కొండపల్లిలోనో, మల్లవల్లిలోనో కొత్త షెడ్డు లేస్తోందంటే యజమాని ఫ్యాబ్రికేటర్‌ని ముందుగా అడిగేది చదరపు అడుగుకి ఎంత పడుతుందని. ఆయన రేకు మందం, రంగు చెప్పి ఒక అంకె వేసేస్తాడు. ఆ కప్పు కింద ఏ పని జరుగుతుందో ఇద్దరూ మాట్లాడుకోరు. లేత్ మిషన్లు తిరిగే షెడ్డుకీ, ఏసీ వేసి మందులు ప్యాక్ చేసే హాలుకీ, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీకీ ఒకటే కప్పు సరిపోదు. ముందు లోపలి పని తేల్చుకోండి, తర్వాత కప్పు ఎంచుకోండి. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

ఇంకో విషయం కూడా మొదట్లోనే చెప్పాలి. వేడి ప్రాంతాల ఫ్యాక్టరీ కప్పుల గురించి దొరికే సలహాలు చాలావరకు ఎడారి ప్రాంతాల కోసం రాసినవి. రాజస్థాన్, గల్ఫ్ దేశాలు, అమెరికాలో ఆరిజోనా లాంటి చోట్ల పనికొచ్చినవి. వాటిలో కొన్ని మనకీ బాగా పనిచేస్తాయి. కొన్ని మాత్రం ఇక్కడ వేస్తే మొదటి వానాకాలంలోనే ఏడిపిస్తాయి.

ఎడారి ఎండ, కృష్ణా తీరం ఎండ

రోహిణి కార్తెలో విజయవాడ, గుంటూరు ఎండ ఎడారి ఎండకి ఏమీ తీసిపోదు. సూర్యుడి నుంచి రేకు మీద పడే వేడి అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. కాబట్టి తెల్లటి కప్పు వేయమని ఎడారివాళ్లు చెప్పే మాట మనకీ నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. రేకు సాగడం, ముడుచుకోవడం కూడా ఒకటే. 30 మీటర్ల పొడవున్న స్టీలు రేకు, తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్య 50 డిగ్రీల తేడా వస్తే దాదాపు 18 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ కదలికంతా స్క్రూ రంధ్రాల మీద పడుతుంది.

తేడా వచ్చేది వానలో, తేమలో, గాలిలో. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మనకి సుమారు 1,000 మిల్లీమీటర్లు పడుతుంది, అదీ నాలుగైదు నెలల్లోనే. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో విజయవాడ మీద కురిసిన వాన, ఆ వెంటనే బుడమేరు వాగు పొంగి చేసిన పని ఎవరూ మర్చిపోలేదు. ఆరిజోనాలో బాగా నడిచే చదును కప్పులు, వాటి మీద వేసే టీపీఓ లేదా పీవీసీ ప్లాస్టిక్ పొరలు, స్ప్రే ఫోమ్ పూతలు ఇక్కడ వేయాలంటే నీళ్లు పోయే వాలు, గొట్టాలు చాలా శ్రద్ధగా కట్టాలి. ఆ పొరల అతుకులు వేడి గాలితో అంటించే అనుభవం ఉన్న పనివాళ్లు కూడా మన దగ్గర తక్కువ. మామూలు ఫ్యాక్టరీకి వాలు రేకుల కప్పే మేలని నా అభిప్రాయం.

పొడి గాలి ఉన్నచోట డక్ట్ కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది, కాబట్టి కప్పు కాస్త నాసిగా ఉన్నా నెట్టుకొస్తారు. మనకి మే నెల వడగాలుల్లో కూలర్ పనిచేస్తుంది గానీ, జూలై వచ్చేసరికి ఉక్కపోత పెంచడమే దాని పని. ఎడారి ఆకాశం పొడిగా ఉంటుంది కనుక రాత్రిపూట కప్పు తన వేడిని త్వరగా వదిలేస్తుంది. ఇక్కడి తేమ, మబ్బు ఆ వేడిని అడ్డుకుంటాయి. నైట్ షిఫ్ట్ నడిపేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

సిమెంట్ రేకులు

పాత ఆటోనగర్ షెడ్లు చాలావరకు ఇవే. తుప్పు పట్టవు, వాన చప్పుడు తక్కువ, తెల్లవారుజామున రేకు కింద నీటి చుక్కలు అంతగా కారవు. చౌక కూడా. వేడి విషయంలో లోహపు రేకు కన్నా కాస్త నెమ్మదిగా వేడెక్కుతాయే తప్ప, మధ్యాహ్నానికి సెగ కొట్టడంలో పెద్ద తేడా ఉండదు. పాతబడి నల్లగా నాచు పట్టాక ఇంకా ఎక్కువ వేడిని పీల్చుకుంటాయి.

నేను కొత్త షెడ్డుకి వీటిని సిఫార్సు చేయను, దానికి కారణం మనుషులు. మామూలు సిమెంట్ రేకులో ఆస్బెస్టాస్ పీచు కలిసి ఉంటుంది, చాలా దేశాలు దాన్ని పూర్తిగా నిషేధించాయి. రేకు కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆస్బెస్టాస్ లేని సిమెంట్ రేకులు దొరుకుతున్నాయి, అవి కొంత నయం. కానీ రెండో ప్రమాదం రెండింటికీ ఉంది. కాలు పెడితే విరుగుతాయి. లీకు చూడ్డానికి ఎక్కిన మనిషి రేకుతో పాటు కింద కాంక్రీటు మీద పడిన సంఘటనలు ప్రతి పారిశ్రామికవాడలోనూ వింటాం. రేకు మీద కాలు పెట్టకుండా, రేకుల్ని మోసే అడ్డ కమ్మీలైన పర్లిన్ల మీద ఆనేలా నిచ్చెన పలక వేసి, నడుముకి బెల్టు కట్టిస్తే తప్ప ఎవర్నీ పైకి పంపకండి. వెలుతురు కోసం మధ్యమధ్యలో వేసే ఫైబర్ రేకులకీ ఇదే జాగ్రత్త. దుమ్ము పట్టాక ఏది ఫైబరో ఏది రేకో పైనున్నవాడికి కనిపించదు.

లోహపు రేకులు: రంగు దగ్గరే సగం పని

ఇప్పుడు ఎక్కువమంది వేసేది కలర్ కోటెడ్ రేకులు. వీటి లోపలి లోహపు పూత రెండు రకాలు. ఒకటి మామూలు జింకు పూత, అంటే జీఐ. రెండోది గాల్వాల్యూమ్. ఇందులో సుమారు 55 శాతం అల్యూమినియం, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం జింకు, కాస్త సిలికాన్ ఉంటాయి. మామూలు వాతావరణంలో గాల్వాల్యూమ్ ఎక్కువ కాలం మన్నుతుంది. కోళ్ల ఫారాలు, ఎరువుల గోదాముల్లాంటి అమ్మోనియా ఉండే చోట్ల మాత్రం అది త్వరగా దెబ్బతింటుంది. ఏసీ రాగి పైపుల నుంచి కారే నీళ్లు దాని మీద పడకూడదు. తడి సిమెంట్ తగిలినా పూత తినేస్తుంది, అందుకే పక్క గోడ ప్లాస్టరింగ్ చేసేటప్పుడు రేకు మీద పట్టా కప్పించాలి.

కానీ వేడి సంగతికొస్తే లోహపు పూత కన్నా పై రంగే ముఖ్యం. మన దగ్గర ముదురు నీలం, ఇటుక ఎరుపు, ఆకుపచ్చ రేకులంటే మోజు. హైవే మీద నుంచి చూడ్డానికి బాగుంటాయి. కొత్త తెల్ల రేకు పడిన ఎండలో సుమారు మూడింట రెండు వంతులు తిప్పి కొడుతుంది. ముదురు నీలం పావు వంతు దగ్గరే ఆగిపోతుంది. బయట 44 డిగ్రీలున్న మధ్యాహ్నం ముదురు రేకు 70 దాటిపోతుంది, తెల్లది 55 దగ్గర ఉంటుంది. తలుపులు తెరిచి పనిచేసే షెడ్డులో గాలి వేడి బయటి గాలితో సమానంగానే ఉంటుంది, మనిషిని కుంగదీసేది నెత్తి మీద రేకు కొట్టే సెగ. రేకు 70ల నుంచి 55కి దిగితే ఆ సెగ దాదాపు సగానికి తగ్గుతుంది. పైసా ఎక్కువ పెట్టకుండా, రంగు మార్చినందుకే. కొత్త షెడ్డుకి తెలుపు, లేకపోతే బాగా లేత రంగు తప్ప ఇంకేదీ వేయకండి.

రంగు లేకుండా మెరిసే గాల్వాల్యూమ్ రేకు చాలనుకునేవాళ్లు ఉన్నారు. అది ఎండని బాగానే తిప్పికొడుతుంది. కానీ ఒకసారి ఎక్కిన వేడిని ఆకాశంలోకి వదిలే గుణం దానికి తక్కువ, అందుకే ముట్టుకుంటే కాలుతుంది. తెల్ల పెయింట్‌కి ఈ రెండు గుణాలూ ఉన్నాయి.

తెల్ల రేకు మురికి పడుతుందన్న భయం నిజమే. ఎడారిలో దుమ్ము పేరుకుంటే కడిగే వాన ఉండదు, మనుషుల్ని పెట్టి కడిగించుకోవాలి. మనకి వాన కడిగిపెడుతుంది, కానీ తేమకి నాచు మరకలు పడతాయి. వేసవికి ముందు, ఫిబ్రవరిలో ఒకసారి మెత్తని బ్రష్షుతో నీళ్లు కొట్టి కడిగిస్తే సరిపోతుంది.

రేకు కింద పొర

తెల్ల రేకు తర్వాత, తెరిచి ఉండే షెడ్డులో తక్కువ ఖర్చుతో వచ్చే లాభం రేకు కింద పొరది. మెరిసే బబుల్ షీట్ గానీ, 50 మిల్లీమీటర్ల గ్లాస్ వూల్ గానీ వేస్తారు. బబుల్ షీట్ మెరిసే ముఖం కిందికి ఉండాలి. వేడి రేకు కొట్టే సెగని మనుషుల మీదకి పంపకుండా ఆపేది ఆ మెరుపే. దాని మీద పెయింట్ కొడితే ఆ గుణం పోతుంది. గ్లాస్ వూల్ వేడిని ఇంకా బాగా ఆపుతుంది, వాన చప్పుడు కూడా తగ్గిస్తుంది. పర్లిన్ దగ్గర నలిగిన చోట మాత్రం దాని బలం తగ్గిపోతుంది, తడిస్తే పనికిరాదు.

ఈ పొర వల్ల ఇంకో మేలు ఉంది. శీతాకాలం తెల్లవారుజామున, వానాకాలంలో చల్లని రేకు కింద ఆవిరి పట్టి చుక్కలుగా రాలుతుంది. మిర్చి, పత్తి, పిండి, అట్టపెట్టెలు, కరెంటు ప్యానెళ్లు ఉన్న షెడ్డులో ఆ చుక్కలే నష్టం. కింద అతుకులు టేపు వేసి మూసిన పొర ఉంటే లోపలి తేమ గాలి చల్లని రేకుని తాకదు.

బట్టీ, వెల్డింగ్, ఫౌండ్రీ లాంటి వేడి పుట్టే పనులకి పొర ఒక్కటీ చాలదు. అక్కడ వేడి గాలి పైనుంచి బయటికి పోవాలి. కప్పు ఎత్తు పెంచడం, శిఖరం వెంట జాక్ రూఫ్ (వేడి గాలి పక్కల నుంచి పోయేలా కాస్త ఎత్తులో వేసే చిన్న కప్పు) వదలడం, గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ల కన్నా నమ్మకమైన పద్ధతి. టర్బోలు వేస్తే గోడల కింది భాగంలో గాలి లోపలికొచ్చే దారి కూడా ఉండాలి. కింద దారి మూసి పైన టర్బోలు ఎన్ని పెట్టినా అవి తిరుగుతూనే ఉంటాయి, షెడ్డు మాత్రం చల్లబడదు.

పఫ్ ప్యానెల్ ఎవరికి కావాలి

రెండు రేకుల మధ్య పాలీయురేథేన్ ఫోమ్ నింపిన పలకే పఫ్ ప్యానెల్. లోపల ఏసీ ఉందా? అయితే పఫ్ ప్యానెల్‌కి పెట్టే డబ్బు తిరిగొస్తుంది. లేదా? అయితే తెల్ల రేకూ, కింద పొరా ముందు చూడండి.

ఒక లెక్క చూపిస్తాను. 10,000 చదరపు అడుగుల హాలు. పైన రేకు 60 డిగ్రీలు, లోపల 30 డిగ్రీలు. 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ ఉంటే కప్పు గుండా దిగే వేడికి మూడున్నర టన్నుల ఏసీ లోపే సరిపోతుంది. ఉత్త రేకు ఉంటే అదే వేడికి దానికి పది రెట్లకు పైనే కావాలి. మందం 100 మిల్లీమీటర్లకి పెంచితే దిగే వేడి దాదాపు సగమవుతుంది. అది మామూలు ఏసీ హాలుకి అక్కర్లేదు, కోల్డ్ రూముకి కావాలి.

పాత సిమెంట్ రేకులు తీసి పఫ్ వేయాలనుకునేవాళ్లకి మంచి వార్త ఒకటుంది. 50 మిల్లీమీటర్ల ప్యానెల్ బరువు చదరపు మీటరుకి 10 నుంచి 12 కిలోలు. సిమెంట్ రేకు బరువు కూడా అంతే, లేదా ఇంకాస్త ఎక్కువ. కాబట్టి కప్పుని మోసే పాత ఇనుప చట్రాలకి, అంటే ట్రస్సులకి, బరువు సమస్య రాదు. కానీ తేలిక కప్పుని గాలి సులువుగా లేపుతుంది. ట్రస్సు, పర్లిన్లు, వాటి బోల్టులు ఇంజనీరు చేత చూపించాకే పని మొదలుపెట్టండి.

నిప్పు విషయంలో మొహమాటం పనికిరాదు. పఫ్ మండుతుంది, మండేటప్పుడు నల్లటి విషపు పొగ వస్తుంది. గుంటూరు, చిలకలూరిపేట వైపు పత్తి మిల్లులకి, జిన్నింగ్ షెడ్లకి నేనైతే పఫ్ వద్దంటాను. అక్కడ రాక్ వూల్ ప్యానెల్ వేయాలి. రాతి నూలు మండదు. వేడిని ఆపడంలో పఫ్‌కి సమానం కావాలంటే దాదాపు రెట్టింపు మందం కావాలి, బరువూ ధరా ఎక్కువే. అయినా పత్తి దుమ్ము ఎగిరే చోట అదే సరైన ఖర్చు. పఫ్ లాంటి ఫోమే అయిన పీఐఆర్ ప్యానెల్ మధ్యస్తం. మంటకి పైపొర బొగ్గులా మారి నిప్పు పాకడాన్ని కొంత ఆపుతుంది. ఏ ప్యానెల్ అయినా దాని మీద వెల్డింగ్ చేయనివ్వకండి. నిప్పు అంటుకోవడానికి పాత ప్యానెల్ పక్కన ఒక చిన్న బ్రాకెట్ వెల్డింగ్ చాలు.

మిర్చి కోల్డ్ స్టోరేజీల సంగతి వేరు. లోపల 10 డిగ్రీల లోపు, బయట 44. తేమ ఎప్పుడూ బయటి నుంచి లోపలికి దూరాలని చూస్తుంది. ఆవిరిని ఆపే పొర బయటివైపే ఉండాలి, ప్యానెళ్ల అతుకులు బయటివైపు నుంచి గట్టిగా మూయాలి. ఒకసారి ఇన్సులేషన్ లోపలికి నీరు చేరితే పైకి ఏమీ కనిపించదు, కరెంటు బిల్లు మాత్రం ఏటా పెరుగుతూ పోతుంది.

స్లాబు గురించి క్లుప్తంగా. పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. పగటి ఆఫీసుకి పర్వాలేదు. నైట్ షిఫ్ట్ ఉన్న ఫ్యాక్టరీకి, అదీ మన ఉక్కపోతలో, వద్దు. ఇప్పటికే ఉంటే మీద తెల్ల కూల్ రూఫ్ పూత వేయించండి.

గాలి, స్క్రూలు

ఇక్కడ నిర్లక్ష్యం చేస్తే మీరు ఏ రేకు ఎంచుకున్నా ఒకటే. గాలి లెక్కలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మన షెడ్డు మీద పడే ఒత్తిడి హైదరాబాద్ షెడ్డు కన్నా దాదాపు 30 శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో కట్టిన షెడ్డు డ్రాయింగే ఇక్కడ వాడేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది మన పక్కనున్న బాపట్ల దగ్గరే.

గాలి కప్పుని నొక్కదు, పైకి లాగుతుంది. చూరు, శిఖరం, రెండు చివరి గోడల అంచులు, ముఖ్యంగా నాలుగు మూలల్లో ఆ లాగుడు అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా వేయాలి, పర్లిన్ల మధ్య దూరం కూడా తగ్గించాలి. మధ్యలో వేసిన లెక్కే అంచుల్లోనూ వేస్తే మొదట లేచేది అంచు, దాని వెనక మిగతాది.

స్క్రూ కింద ఉండే ఈపీడీఎం (ఎండకి తట్టుకునే రబ్బరు) వాషర్ చిన్నదే గానీ లీకులన్నీ అక్కడే మొదలవుతాయి. చౌక రబ్బరు వాషర్ రెండు మూడు వేసవుల్లో ఎండిపోయి పగులుతుంది. స్క్రూ మరీ బిగిస్తే వాషర్ నలిగి బయటికి పొంగుతుంది, వదులైతే నీరు దిగుతుంది. పొడవైన షెడ్లకి, డబ్బు ఉన్నవాళ్లకి, స్టాండింగ్ సీమ్ కప్పు మంచిది. అందులో స్క్రూ రేకుని పొడవదు, క్లిప్పులు పట్టుకుంటాయి, ఆ 18 మిల్లీమీటర్ల కదలికకి చోటు ఉంటుంది. సోలార్ ప్యానెళ్లు వేసే ఆలోచన ఉంటే ఇదే ఇంకా మేలు, రంధ్రం లేకుండా క్లాంపులతో బిగించొచ్చు. సోలార్ ప్యానెళ్లు 25 ఏళ్లు ఉంటాయి. వాటి కింద పదేళ్లలో మార్చాల్సిన రేకు వేయకండి. సిమెంట్ రేకుల మీద సోలార్ మాట అసలే వద్దు.

పాత షెడ్డు, తక్కువ బడ్జెట్

అందరూ కొత్త కప్పు వేయలేరు. ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్డు నడిపేవాళ్లకి పఫ్ గురించి చెప్పి లాభం లేదు. లీకులు మూసి, కడిగి, తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించండి. మూడు నుంచి ఐదేళ్లకి మళ్లీ వేయాలి. సిమెంట్ రేకుకీ స్లాబుకీ సున్నం కూడా పనిచేస్తుంది, ఏటా వేసుకోవాలి. లోహపు రేకు మీద మాత్రం సున్నం వేయకండి. తడిసిన సున్నం జింకు, అల్యూమినియం పూతని తినేస్తుంది, ఒక వేసవి చల్లదనం కోసం రేకు ఆయుష్షు పోతుంది. కప్పు మీద వరిగడ్డి, గోనె సంచులు పరిచే అలవాటు కూడా మానాలి. కింద వెల్డింగ్ జరిగే చోట అది నిప్పుకి ఆహారం.

ఆ డబ్బు కూడా వృథా అనుకునే యజమానులకి ఒక మాట. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్లోనే, లోపలి వేడి వీలైనంత తక్కువగా ఉండేలా గోడలూ కప్పూ కట్టాలని రాశారు. మే నెల మధ్యాహ్నం మూడింటికి రేకు కింద నిలబడి గ్రైండర్ పట్టుకున్న కుర్రాడికి వడదెబ్బ తగిలితే ఆ కుటుంబానికి ఏ పరిహారమూ సరిపోదు.

కొటేషన్ చదివేటప్పుడు

రెండు కొటేషన్లలో రేకు 0.50 మిల్లీమీటర్లని రాసి ఉన్నా అవి ఒకటే కాకపోవచ్చు. ఒకరు పూతలతో కలిపి 0.50 అంటారు, ఇంకొకరు ఉత్త స్టీలు 0.50 అంటారు. రెండోదే ఎక్కువ మందం. ఏది రాశారో రాతపూర్వకంగా అడగండి. గాల్వాల్యూమ్ అయితే ఏజెడ్ 150 ఉందా చూడండి, అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 150 గ్రాముల పూత. పఫ్ అయితే సాంద్రత ఘనపు మీటరుకి 40 కిలోలు ఉండాలి. లోడు దిగిన రోజే ఒక ముక్క తూకం వేసి చూడండి, రేకు మందం మైక్రోమీటర్‌తో కొలవండి. స్క్రూల కంపెనీ, వాషర్ రకం, అంచుల్లో స్క్రూల దూరం, గట్టర్ కొలతలు కొటేషన్లో లేకపోతే రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. పని జనవరి, ఫిబ్రవరిల్లో పెట్టుకుంటే పైన పనిచేసేవాళ్లకి ఎండ దెబ్బ ఉండదు. పని అయ్యాక కప్పు మీద గంటసేపు గొట్టంతో నీళ్లు కొట్టించి, లోపల నిలబడి చూసి, ఆఖరి బిల్లు అప్పుడు చెల్లించండి.